బుడమేరులో మడుగులు మిగలాలి

బుడమేరు పేరు వార్తల్లోకి వచ్చేది వరదప్పుడే. 2024 సెప్టెంబర్ 1న మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగాక ఆ పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు అది మామూలు వాగు, దిగువన పొలాల మురుగు మోసుకుపోయే ఏరు. ఆ నెలల్లో దాని బతుకు నీళ్లు ఎన్ని ఉన్నాయన్నదాని మీద కన్నా, అడుగు ఎగుడుదిగుడుగా ఉందా, చదునైపోయిందా అన్నదాని మీదే ఎక్కువ నడుస్తుంది.

మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టిన ఈ ఏరు వెలగలేరు దగ్గర రెండు దారులు పడుతుంది. రెగ్యులేటర్ దగ్గర మొదలయ్యే మళ్లింపు కాలువ వరదను ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్లి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది. పాత దారి విజయవాడ ఉత్తర శివార్లు దాటి, ఏనికేపాడు దగ్గర ఏలూరు కాలువ అడుగునుంచి దూరి, నందివాడ వైపు వరిచేలు, చేపల చెరువుల మధ్య సాగి కొల్లేరులో కలుస్తుంది. అక్కడ నేల వాలు దాదాపు లేదనే చెప్పాలి. కొల్లేరు అభయారణ్యం హద్దుగా పెట్టుకున్న +5 కాంటూరు అంటేనే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు. పైగా సరస్సు నీరు బయటికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి, ఆ దారిన సముద్రం సుమారు 60 కి.మీ. దూరం. కొల్లేరు నిండుగా ఉన్న రోజుల్లో ఏరు ముందుకు పోకపోగా వెనక్కి ఎగదన్నుతుంది. నిలిచిన నీటిలో ఒండ్రు దిగబడుతుంది. దిగువన ఎన్నిసార్లు పూడిక తీసినా మళ్లీ పూడిపోవడానికి మూలం ఇదే.

చిన్న ఏటి నీటి లెక్క కట్టడానికి పరికరాలు అక్కర్లేదు. తిన్నగా ఉన్నచోట పది మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతండి. సగం నీళ్లు పోసి మూత బిగించిన సీసాను పై కర్రకు కాస్త ఎగువన నడి ఏట్లో వదలండి. అది రెండు కర్రల మధ్య దూరం 25 సెకన్లలో దాటితే వేగం సెకనుకు 0.4 మీటరు. ఏటి వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 0.3 మీటరు అనుకుంటే మూడూ గుణిస్తే సెకనుకు 0.24 ఘనపు మీటరు. పైనీరు అడుగునీటి కన్నా వేగంగా పోతుంది కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. సెకనుకు సుమారు 200 లీటర్లు, అంటే ఏడు క్యూసెక్కులు. లోతు ఒక్కచోటే చూసి సరిపెట్టుకుంటే లెక్క తప్పుతుంది. అడ్డంగా కనీసం అయిదుచోట్ల చూసి సగటు తీయాలి.

ఇక మడుగుల సంగతి. ఒండ్రునేలలో తన ఇష్టానికి వదిలేసిన ఏరు తిన్నగా పారదు. మెలిక బయటి అంచును కోసి లోతు చేస్తుంది, లోపలి అంచున ఇసుక మేట వేస్తుంది. ఒక మడుగుకూ తర్వాతి మడుగుకూ మధ్య దూరం సాధారణంగా ఏటి వెడల్పుకు అయిదు నుంచి ఏడు రెట్లు. నాలుగు మీటర్ల ఏరైతే 20–28 మీటర్లకొక మడుగు. ఏప్రిల్, మే నెలల్లో పారడం ఆగిపోయాక పరిగెలకూ జెల్లలకూ ఆ గుంటలే దిక్కు. తొలకరికి కొత్తనీరు రాగానే అవి ఎదురెక్కి, వరిచేల గట్లు దాటి గుడ్లు పెడతాయి. ఊళ్లో మావులు, అంటే చేపలు పట్టే బుట్టలు, బయటికి తీసేది ఆ రోజుల్లోనే.

కొర్రమీను, మార్పు అనే మీసాల చేప పైకి తేలి గాలి పీల్చుకోగలవు కాబట్టి మురికినీటిలోనూ నెగ్గుకొస్తాయి. కలుపు మధ్య నీటిపైన ఎర్రగా, నారింజరంగులో గుంపుగా కదిలే పిల్లలు కనిపిస్తే కింద తల్లిదండ్రి కొర్రమీనులు కాపలా ఉన్నట్టే. ఆ సమయంలో పెద్దచేపను పడితే గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. పరిగెలకు మాత్రం నీటిలో కరిగిన ఆక్సిజనే కావాలి. 30 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీరు పట్టుకోగలిగేదే లీటరుకు 7.5 మిల్లీగ్రాములు. పగలు నాచు కొంత తయారుచేస్తుంది, రాత్రంతా తనే వాడుకుంటుంది. అందుకే చేపలు తేలిపోవడం తెల్లవారుజామునే ఎక్కువ. పైన గుర్రపుడెక్క పరుచుకుంటే వెలుతురూ పోతుంది, గాలీ అందదు. అడుగు బురద గుప్పెడు తీసి తెల్లపళ్లెంలో కడిగి చూడండి. సన్నని ఎర్రపురుగులు తప్ప మరేమీ లేకపోతే అక్కడ ఆక్సిజన్ అడుగంటింది. వాటి ఎరుపు హిమోగ్లోబిన్‌ది, కొద్దిపాటి ఆక్సిజన్‌నూ పట్టుకోవడానికి. తూనీగ పిల్లలు, ఆల్చిప్పలు కూడా దొరికితే పరిస్థితి మెరుగే.

పురుగుమందు కొట్టిన పంపును ఏట్లో కడగడం మించిన చెడ్డ అలవాటు లేదు. సింథటిక్ పైరిత్రాయిడ్లు లీటరు నీటిలో మైక్రోగ్రాముల మోతాదులోనే చేపల్ని చంపుతాయి. మందు కొట్టిన చేలోనే, ఏటికి దూరంగా కడిగి, ఆ నీళ్లు అక్కడే చల్లేయాలి.

పూడిక తీయొద్దని ఎవరూ అనరు, నగరం మునిగాక అసలే అనలేరు. అయితే పొక్లెయిన్‌తో అడుగంతా ఒకే మట్టానికి గీకేయడం వల్ల వరదకు ఒరిగేది తక్కువ. మడుగు అంటే ఏటి అడుగు మట్టానికి కిందున్న గొయ్యి, పారే నీటికి అడ్డం రాదు. అడ్డమల్లా మేటలు, గుర్రపుడెక్క, ఆక్రమణలు. కాబట్టి మేటలు తీయాలి, మడుగులు వదలాలి. ఒక ఏడు ఒక ఒడ్డు, మరుసటి ఏడు రెండోది శుభ్రం చేస్తే గడ్డిలో బతికే జీవులకు చోటు మిగులుతుంది. నల్లరేగడి ఒడ్డును నిలువుగా కోస్తే ఎండకు నెర్రెలిచ్చి, మొదటి వానకే జారిపడి తీసిన పూడికంతా తిరిగొస్తుంది. లోతు అడుగుకు ఒడ్డు అడుగున్నర నుంచి రెండడుగులు వాలాలి. తీసిన డెక్కను గట్టు అంచున కాక అయిదారు మీటర్లు అవతల కుప్ప వేయాలి, లేకపోతే వానకు మళ్లీ ఏట్లోకే. మోటారు పెట్టి మడుగు తోడి చేపలు పట్టే పని మాత్రం మే నెలలో ఎక్కడా సాగనివ్వకూడదు.