ట్రాన్స్ కవిత్వం: అపోహలు - వాస్తవాలు

నేను కోనసీమలో ఉంటాను. ట్రాన్స్ మహిళని, అంటే పుట్టినప్పుడు మగబిడ్డ అన్నారు, కానీ నేను ఆడదాన్ని. కవిత్వం రాస్తాను, కొత్తగా రాసేవాళ్ళ కవితలు చదివి దిద్దుతుంటాను. సభల్లోనూ ఫోన్లలోనూ మా కవిత్వం గురించి మళ్ళీ మళ్ళీ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఇది మన కవిత్వం కాదు, బయటి నుంచి వచ్చింది.

వాస్తవం: ఆత్రేయపురం దగ్గర ర్యాలి గుడిలో ఒకే రాతి విగ్రహం ఉంది. ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని. అన్నమయ్య, క్షేత్రయ్య నాయిక గొంతుతో పదాలు కట్టారు. అలాగని వాటిని ట్రాన్స్ కవితలని నేను అనను. ఆ కవులకు ఆ గొంతు పదం పూర్తయ్యేదాకే. మేము పదం అయిపోయాక కూడా అదే గొంతుతో బస్సెక్కాలి, రేషన్ షాపు దగ్గర నిలబడాలి. మా కవిత్వం పుట్టేది అక్కడ.

అపోహ: ఇదంతా లింగమార్పిడి ఆపరేషన్ గురించే.

వాస్తవం: కాదు. ఆపరేషన్ జరిగిందా అని అడగకుండానే ఎవరి గుర్తింపు వాళ్ళు చెప్పుకోవచ్చని 2014లో ట్రాన్స్ వ్యక్తుల హక్కుల మీద ఇచ్చిన నాల్సా తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. జాకెట్టు కొలతలకి టైలర్ ముందు నిలబడటం, ఫోన్లో "సార్" అనిపించుకునే గొంతు, ఇవి కూడా శరీరం గురించిన కవితలే.

అపోహ: కుటుంబం గురించి రాస్తే కోపమే ఉంటుంది.

వాస్తవం: కోపం ఉంటుంది, ఉండాలి కూడా. కానీ నా దగ్గరికి వచ్చే కవితల్లో నాన్న పడుకున్నాక ఫోన్ చేసే అమ్మ ఉంటుంది. ప్రభల తీర్థానికి రమ్మని పిలిచి, ఇంటికి మాత్రం చీకటి పడ్డాక రమ్మనే అన్నయ్య ఉంటాడు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కొడుకని పెంచి, కూతురంటే ఒప్పుకోకుండానే పోయిన తండ్రికి రేవులో పిండం ఎవరు పెట్టాలి? సంకల్పంలో ఏ పేరు చెప్పుకోవాలి? ఈ ఒక్క ప్రశ్న మీదే పుస్తకం రాయొచ్చు. హిజ్రాల్లో ఉండే గురువు-చేలా (శిష్యురాలు) వరసతో దొరికిన కుటుంబం గురించీ రాయాలి, అక్కడి ఆప్యాయతతో పాటు అక్కడి పెత్తనం కూడా. అదేదో స్వర్గమన్నట్టు చూపిస్తే కవిత అబద్ధమవుతుంది.

అపోహ: తెలుగు వ్యాకరణం అడ్డొస్తుంది.

వాస్తవం: "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" అన్నప్పుడు ఆడా మగా తెలియదు. హిందీలో రాసేవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు, క్రియలోనే తేలిపోతుంది. మనకు చిక్కు వచ్చేది పక్కవాళ్ళు మన గురించి మాట్లాడినప్పుడు. అందుకే మొదట "నేను" అని రాయండి, తర్వాత ఇంట్లోవాళ్ళని మాట్లాడనివ్వండి అని చెబుతుంటాను. కవితంతా "వాడు" అన్న తల్లి చివర్లో "వచ్చింది, అన్నం పెట్టు" అంటే ఇంక వివరణ అక్కర్లేదు. ఆ రెండూ అనలేక "వచ్చారు" అంటూ గౌరవం చాటున తప్పుకునే బంధువులూ ఉంటారు. వాళ్ళనీ కవితలోకి రానివ్వండి.

అపోహ: నది సముద్రంలో కలిసినట్టు మారాను అంటే చాలు.

వాస్తవం: అది అందరూ వాడేసిన మాట. గోదావరి దాటించే నరసాపురం-సఖినేటిపల్లి పంటు మీద ఆడవాళ్ళ వైపు నిలబడాలో మగవాళ్ళ వైపు నిలబడాలో తేలని ఆ కాసేపటి టెన్షన్ రాయండి.

అపోహ: కవి పాత పేరు చెబితేనే పాఠకులకు అర్థమవుతుంది.

వాస్తవం: పరిచయంలో పాత పేరు వేయకండి, పాత ఫొటో అడగకండి. కవి ఇచ్చిన పేరే వేయండి, అచ్చుకు వెళ్ళేముందు ఒకసారి వాళ్ళకి చూపించండి. సభలో ప్రశ్నలు అడిగితే కవిత గురించి అడగండి, ఒంటి గురించి కాదు.