లాస్ట్ రేట్ ఎంతక్కా? పర్షియన్ పిల్లులపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇంట్లోనే పర్షియన్ పిల్లుల్ని పెంచుతాను. షాపు లేదు, బోనుల వరస లేదు. సోఫా వాటిది, మేం పక్కన సర్దుకుంటాం. ఎప్పుడో ఒక కాన్పు తీస్తాను, ఆ కూనలన్నిటికీ మంచి ఇళ్లు దొరికాకే ఇంకోదాని ఆలోచన. ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగేది రేటు, తర్వాత రంగు, ఆ తర్వాత "పంచ్ ఫేసేనా అక్కా?" అని, అంటే ముక్కు అణిగిన చదును ముఖమేనా అని. తల్లి ఎలా ఉంది, తండ్రికి ఏ టెస్టులు చేయించారు అని అడిగేవాళ్లు అరుదు. కూన ముఖం చూస్తే తెలిసేది తక్కువ. తల్లిదండ్రుల రిపోర్టులు, అది పెరిగిన ఇల్లు చూస్తే చాలా తెలుస్తుంది.

అపోహ: నెలన్నర కూనను తెచ్చుకుంటే మనకు త్వరగా మాలిమి అవుతుంది.

వాస్తవం: 12 వారాలు నిండకుండా నేను కూనను ఇవ్వను. ఎక్కువ బేరాలు ఇక్కడే చెడతాయి, చెడనివ్వండి. తల్లి తొలిపాలతో వచ్చిన రక్షణ కొన్ని కూనల్లో 6 వారాలకే తగ్గిపోతుంది, కొన్నిటిలో 16 వారాల దాకా ఉంటుంది. అది ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, పోయాక టీకా లేకపోతే రోగం పట్టుకుంటుంది. ఏ కూనకు ఎప్పుడు తగ్గుతుందో పైకి కనిపించదు కాబట్టే 6-8 వారాలకు మొదలుపెట్టి, 3-4 వారాలకోసారి, 16 వారాలు వచ్చేదాకా వేయిస్తారు. ఒక్క డోసు వేయించి "వ్యాక్సినేషన్ అయిపోయింది" అని అమ్మితే నమ్మకండి. టీకాలు ఆపే రోగాల్లో నాకు ఎక్కువ భయం పాన్‌ల్యూకోపీనియా అంటే. కుక్కల పార్వోకు దగ్గరి చుట్టమైన వైరస్ ఇది. నేల మీద, బట్టల మీద నెలల తరబడి బతుకుతుంది, చెప్పులతో పాటు ఇంట్లోకి వచ్చేస్తుంది. చార్మినార్ దగ్గర పక్షులు, జంతువులు అమ్మే ముర్గీ చౌక్‌లో నాలుగు బోనులు చూసి అటునుంచి అటే మా ఇంటికి వస్తామనేవాళ్లను ఇంకో రోజు రమ్మంటాను. కొందరు నొచ్చుకుంటారు.

ఇక మాలిమి సంగతి. కూన మనుషులకు బాగా అలవాటు పడేది 2 నుంచి 7 వారాల మధ్య. అంటే ఆ పని జరగాల్సింది అది పుట్టిన ఇంట్లో, మీ ఇంట్లో కాదు. అందుకే మా కూనలు వెనక గదిలో కాకుండా హాల్లో పెరుగుతాయి. కుక్కర్ విజిల్, మిక్సీ, పక్కింటి పిల్లల అల్లరి, వినాయక నిమజ్జనానికి వీధిలో తీన్మార్, అన్నీ వింటాయి. గట్టిగా కొరికితే అవతలివాళ్లు ఆట మానేస్తారని తోబుట్టువుల దగ్గర నేర్చుకుంటాయి. తొందరపడి విడదీసిన కూన ఆ పాఠం మీ చేతుల మీద నేర్చుకుంటుంది.

అపోహ: మీకేం, రెండు పిల్లుల్ని కలిపితే కూర్చున్నచోట డబ్బులు.

వాస్తవం: ఈ మాట మా చుట్టాల్లోనే ఎక్కువ. పిల్లి చూలు దాదాపు 65 రోజులు. పర్షియన్ కూనల తలలు గుండ్రంగా, పెద్దగా ఉంటాయి కాబట్టి కాన్పు కష్టమయ్యే అవకాశం మామూలు పిల్లుల కంటే ఎక్కువ. సిజేరియన్ ఖర్చు పక్కన పెట్టుకునే మొదలుపెట్టాలి. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే డాక్టరు ఎవరో ముందే చూసి పెట్టుకోవాలి. పుట్టిన కూన సుమారు 100 గ్రాములుంటుంది, రోజుకు 10-15 గ్రాములు పెరగాలి. వంటింటి డిజిటల్ కాటా మా ఇంట్లో ఆ నెలంతా కూనలదే. పైకి హుషారుగా కనిపించే కూన బరువు పెరగడం ఆగిందంటే, జబ్బు మనకు కనిపించేలోపే కాటా చెప్పేస్తుంది.

మొదటి వారాల్లో కూనలు సొంతంగా ఒంటి వేడి నిలుపుకోలేవు. మొదటి వారం వాటి గూడు 30 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. డిసెంబరు రాత్రుల్లో హైదరాబాద్ ఎలా ఉంటుందో తెలిసిందే. ఒళ్లు చల్లబడిన కూనకు పాలు పట్టకూడదు, అరగవు. ముందు నెమ్మదిగా వెచ్చచేయాలి, ఆ తర్వాతే పాలు. తల్లికి పాలు చాలకపోతే రెండు మూడు గంటలకోసారి సీసా, అదీ కూనల కోసం తయారుచేసిన పాలపొడితోనే. ప్యాకెట్ పాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఇదంతా అయ్యాక "లాస్ట్ రేట్ ఎంతక్కా?" అంటే నవ్వొస్తుంది.

అపోహ: పంచ్ ఫేస్, ట్రిపుల్ కోట్ ఉంటేనే ఒరిజినల్ పర్షియన్.

వాస్తవం: ట్రిపుల్ కోట్, అంటే మూడు పొరల బొచ్చు అన్నది అమ్మేవాళ్ల మాట. జాతి ప్రమాణాల్లో అలాంటి గ్రేడు లేదు. ముక్కు తేలి ఉండే డాల్ ఫేస్ పర్షియన్ల పాత రూపం, ముక్కు బాగా అణిగిన ముఖం తర్వాత ఎంపిక చేసి తెచ్చుకున్నది. ముఖం ఎంత చదునైతే ఊపిరికి అంత ఇబ్బంది. కన్నీటి దారులు వంకర తిరిగి కళ్లు ఎప్పుడూ కారుతుంటాయి, రోజూ తుడవాలి. నేను ముక్కు కాస్త తేలి ఉన్నవాటినే ఎంచుకుంటాను. మార్కెట్లో రేటు తక్కువ పలికితే పలకనీ.

అసలు అడగాల్సింది కిడ్నీల గురించి. పీకేడీ అనే జబ్బులో కిడ్నీల్లో నీటి తిత్తులు పెరిగి, తరచూ ఏడేళ్ల వయసు దరిదాపుల్లో కిడ్నీలు దెబ్బతింటాయి. ఈలోపు ఆ పిల్లి ఎన్నో కాన్పులు చేసి ఉంటుంది. దీనికి కారణమైన జన్యులోపాన్ని 2004లో గుర్తించారు. అంతకుముందు చాలా దేశాల్లో పరీక్షించిన పర్షియన్లలో మూడో వంతుకు పైగా ఈ జబ్బు బయటపడింది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ఒక్కో కూనకు సగానికి సగం అవకాశం. డీఎన్ఏ టెస్టు జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. ఆ రిపోర్టు అడిగితే అమ్మేవాళ్లు మాట మార్చారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. సీఎఫ్ఏ, టికా (TICA), డబ్ల్యూసీఎఫ్ లాంటి పిల్లి జాతులను నమోదు చేసే సంస్థల పేపర్లు వంశం చెబుతాయి, ఆరోగ్యం చెప్పవు. పేపర్లు చూపించి టెస్టుల మాట దాటేసేవాళ్లే నాకు ఎక్కువ కనిపించారు.

అపోహ: రెండూ పర్షియన్లే కదా, మా మగదాన్ని ఒకసారి మీ దగ్గర వదులుతాం.

వాస్తవం: వద్దు. ఎఫ్ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్), లుకేమియా వైరస్ టెస్టులు లేకుండా మా ఇంట్లోకి ఏ మగపిల్లీ రాదు. రెండోది బ్లడ్ గ్రూపు. పిల్లుల్లో ఎ, బి, ఎబి గ్రూపులున్నాయి. తల్లిది బి, కూనది ఎ అయితే తల్లి తొలిపాలలోని యాంటీబాడీలే కూన రక్తకణాలను విరగ్గొడతాయి. ఆరోగ్యంగా పుట్టి, కడుపునిండా పాలు తాగి, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చూసినవాళ్లు దిష్టి తగిలిందంటారు. గ్రూపు ముందే తెలిస్తే అలాంటి జత కట్టకుండా ఉండొచ్చు, లేదా మొదటి రోజు కూనలకు వేరే పాలు పట్టొచ్చు. ఇంకో చిన్న సంగతి: చర్మవ్యాధుల్లో రింగ్‌వార్మ్ (తామర) పర్షియన్లకు తరచూ వస్తుంది, మనుషులకూ అంటుకుంటుంది. ఒక్క మేటింగ్ కోసం వచ్చిన పిల్లి ఇల్లంతటికీ తామర అంటించి వెళ్తే నెలల తరబడి మందులు, దుప్పట్లు ఉతకడం.

అపోహ: ఒక్క కాన్పయినా అయ్యాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, లేకపోతే దాని ఉసురు తగులుతుంది.

వాస్తవం: ఉసురు సంగతి నాకు తెలియదు గానీ, మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు చాలావరకు తగ్గుతుంది. పైగా ఇంట్లో లైట్ల వెలుతురులో ఉండే పిల్లి ఏడాదిలో ఏ కాలంలోనైనా ఎదకు వస్తుంది. రాత్రంతా అరుపులకు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి మెసేజ్ వచ్చేదాకా ఆగకండి.

అపోహ: మేం శాకాహారులం, పెరుగన్నం పెడితే అదే అలవాటు పడుతుంది.

వాస్తవం: తింటుంది, బతకదు. మాంసాహారంలో ఉండే టౌరిన్ అనే పోషకాన్ని పిల్లి ఒళ్లు చాలినంత తయారుచేసుకోలేదు. అది లోపిస్తే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఆ గుండె సంబంధాన్ని 1987లోనే తేల్చారు. మీరు వండక్కర్లేదు, పిల్లుల కోసం తయారైన ఫుడ్ ప్యాకెట్ చాలు. అది కూడా ఇంట్లోకి రాకూడదంటే కుందేలు గురించి ఆలోచించండి.

అపోహ: ఎండాకాలం గుండు చేయిస్తే చల్లగా ఉంటుంది.

వాస్తవం: బొచ్చు ఎండనూ ఆపుతుంది. మేలో గుండుతో బాల్కనీలో పడుకున్న పిల్లికి చర్మం కాలుతుంది. చిక్కులు కట్టకుండా రోజూ దువ్వండి, మధ్యాహ్నం కూలరో ఏసీనో ఉన్న గదిలో ఉంచండి. నోరు తెరిచి కుక్కలా రొప్పుతుంటే అది అలసట కాదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: కోడలు నెల తప్పింది, ఇక పిల్లిని పంపించేయాలి.

వాస్తవం: దీని వెనకున్నది పిల్లి మలం ద్వారా గర్భిణికి సోకి కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి భయం. ఆ క్రిమి సోకిన పిల్లి సాధారణంగా జీవితంలో ఒకసారే, రెండు మూడు వారాలపాటు మలంలో గుడ్లు వదులుతుంది. ఆ గుడ్లు వెంటనే అంటవు, అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. లిట్టర్‌ను (పిల్లి మలవిసర్జన చేసే ఇసుక తొట్టిని) రోజూ, గర్భిణి కాకుండా ఇంకెవరైనా శుభ్రం చేస్తే సరిపోతుంది. పచ్చిమాంసం పెట్టకుండా, బయట తిరగనివ్వకుండా పెంచిన పిల్లితో ముప్పు చాలా తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలతోనే ఎక్కువ జాగ్రత్త.

అపోహ: జ్వరంగా ఉంది, పారాసెటమాల్ పావు ముక్క వేశాం.

వాస్తవం: పిల్లికి అది విషం. మనుషుల్లో ఆ మందును విరిచే ఎంజైము పిల్లిలో చాలదు. పావు ముక్కే ప్రాణం తీయగలదు. కుక్కలకు వాడే పర్మెత్రిన్ గోమారి మందూ అంతే. నేల తుడిచే ఫినైల్ కూడా పాదాల నుంచి నాలుకకు చేరుతుంది, మానేయండి.

అపోహ: స్కాటిష్ ఫోల్డ్ చెవులు ముద్దుగా మడత పడ్డాయి, ఒకటి దొరికితే చెప్పండి.

వాస్తవం: చెవిని మడిచిన జన్యువే కీళ్ల మృదులాస్థినీ పాడుచేస్తుంది. మడత చెవులున్న ప్రతి ఫోల్డ్‌లోనూ ఆ జబ్బు ఎంతో కొంత ఉంటుంది. దొరికినా చెప్పను.

అపోహ: మా బాల్కనీకి పావురాల నెట్ ఉంది, భయం లేదు.

వాస్తవం: నైలాన్ వలను పిల్లి కొరికి తెంచుతుంది, ఎక్కితే కొక్కేలు ఊడతాయి. పావురం వల అవతల వాలితే పిల్లికి ఒళ్లు తెలియదు. స్టీలు మెష్‌ను ఫ్రేముకు బిగించి వేయించండి. ఆ ఫోటో వాట్సాప్‌లో వచ్చాకే కూనను తీసుకెళ్లడానికి రోజు చెబుతాను.