బోల్టు పట్టినంత మాత్రాన పార్టు సరిపోయినట్టు కాదు: ఇంట్లో బండి మార్చుకునేవాళ్ల అపోహలు - వాస్తవాలు

పాత స్ప్లెండర్‌నో సీడీ 100నో తక్కువ ధరకు కొని, ఇంటి ముందే విప్పి కేఫ్ రేసర్‌గానో (కిందికి వంచిన హ్యాండిల్, చిన్న సీటు) స్క్రాంబ్లర్‌గానో (మట్టి రోడ్ల బండి లుక్) మార్చుకునే కుర్రాళ్లు తిరుపతిలో బాగా పెరిగారు. చెన్నై దగ్గరే కాబట్టి పొద్దున బస్సెక్కి అక్కడి పాత సామాన్ల బజారు పుదుపేట వెళ్తారు, రాత్రికి గోతాం నిండా సెకండ్ హ్యాండ్ సామాన్లతో దిగుతారు. ఆ గోతాం నా మెకానిక్ షెడ్డులో కుమ్మరించి అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఇది పడుతుందా?"

పడుతుంది. లేత్‌లో ఒక బుష్ (సందు పూడ్చే ఇనుప గొట్టం ముక్క) తీయిస్తే ఏదైనా దేనికైనా పడుతుంది. పట్టిన తర్వాత అది పక్క పార్టు మీద ఎంత భారం వేస్తుందో చూసుకోవాలి. వంద సీసీ బండిలో కంపెనీవాడు ప్రతిదీ లెక్కకట్టి పెట్టి ఉంటాడు, మిగులు ఏమీ ఉండదు.

అపోహ: సైలెన్సర్‌లో జాలీ తీసేస్తే పికప్ పెరుగుతుంది.

పెరిగేది శబ్దం. 97.2 సీసీ ఇంజన్ ఇచ్చేదే ఎనిమిది హార్స్‌పవర్ అటూ ఇటూ. పొగ సులువుగా బయటికి పోతే ఇంజన్ గాలి ఎక్కువ లాగుతుంది కానీ కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే సన్న రంధ్రం, జెట్, పాతదే ఉంటుంది. గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గిపోతుంది. రేస్ వదిలినప్పుడు సైలెన్సర్ పటపటమంటుంటే అనుమానించాల్సింది దీన్నే. ప్లగ్ విప్పి చూడండి. లేత గోధుమ రంగులో ఉండాల్సిన పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉందంటే ఇంజన్ లోపల మాడుతోందని అర్థం. అలాంటి బండి మీద మే నెలలో ఇద్దరు తిరుమల ఘాట్ ఎక్కితే పిస్టన్‌కి గ్యారంటీ నేనివ్వలేను.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్ల జోలికైతే అసలు వెళ్లొద్దు. సైలెన్సర్ లైనులోనే పొగలో విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. పైగా మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ కింద శబ్ద, వాయు కాలుష్యానికి మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

అపోహ: ఎల్‌ఈడీకి కరెంటు తక్కువే కాబట్టి ఏ వైరుకైనా తగిలించొచ్చు.

నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. పాత స్ప్లెండర్ లాంటి బండ్లలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద వెలగదు. ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా ఏసీ కరెంటు వస్తుంది. రేస్ ఇస్తే వెలుతురు పెరగడం, వదిలితే తగ్గడం అందుకే. డీసీ ఎల్‌ఈడీని ఆ వైరుకు కలిపితే రెపరెపలాడుతుంది, లేదంటే కొన్నాళ్లకే పోతుంది. అప్పుడు మనవాళ్లు నేరుగా బ్యాటరీ నుంచి వైరు లాగుతారు. నాలుగు రోజులు బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత హారన్ గొంతు పోతుంది, ఇండికేటర్లు మినుకుమినుకుమంటాయి. "బ్యాటరీ డూప్లికేట్ అన్నా" అని షాపువాణ్ణి తిడతారు.

బ్యాటరీ తప్పేం లేదు. ఆ వైరింగ్‌లో ఛార్జింగ్ హాఫ్ వేవ్, అంటే ఏసీలో ఒక సగమే బ్యాటరీకి చేరుతుంది. అది హారన్‌కి, ఇండికేటర్లకి, బ్రేక్ లైటుకి సరిపోయేంత మాత్రమే. సరిగ్గా చేయాలంటే మ్యాగ్నెట్ కవర్ విప్పి, బాడీకి ఎర్త్ అయిన కాయిల్ కొసను ఊడదీసి, వేరే వైరుగా బయటికి తెచ్చి, ఏసీ రెండు సగాల్నీ డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ పెట్టాలి. లోపల వేడికి తట్టుకునే వైరే వాడాలి. లైటు లైనుకు ఫ్యూజ్, రిలే తప్పనిసరి. అయ్యాక రేస్ ఇచ్చి బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే 14 వోల్టుల దగ్గర నిలబడాలి. 15 దాటిందంటే బ్యాటరీ ఉడికిపోతుంది.

అపోహ: స్ప్రాకెట్‌లో (చైన్ తిరిగే పళ్ల చక్రంలో) ఒక్క పన్ను మారిస్తే ఏమవుతుంది?

ముందు 14, వెనక 42 పళ్లున్న బండి తీసుకోండి. ముందు ఒక్క పన్ను పెంచడం, వెనక మూడు పళ్లు తగ్గించడం దాదాపు సమానం. రేణిగుంట రోడ్డు మీద ఇంజన్ హాయిగా తిరుగుతుంది, నిజమే. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం గేరు గేరుకీ ఏడుస్తుంది. దిగేటప్పుడు ఇంకో తలనొప్పి: ఇంజన్ పట్టు తగ్గి, ఆ భారమంతా డ్రమ్ బ్రేకుల మీద పడుతుంది. వేడెక్కిన బ్రేక్ షూలు ఎంత తొక్కినా పట్టవు.

స్ప్రాకెట్ మారిస్తే స్పీడు మీటర్ తప్పు చూపిస్తుందనుకుంటారు. ఈ బండ్లలో మీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి తేడా రాదు. 18 అంగుళాల ముందు చక్రం తీసి 17 వేస్తేనే ఉన్నదానికంటే ఎక్కువ స్పీడు చూపిస్తుంది.

అపోహ: టైరు ఎంత వెడల్పుంటే అంత గ్రిప్.

రిమ్ కూడా అంత వెడల్పుంటేనే. సన్న రిమ్ మీద లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి నడుమ గుండ్రంగా ఉబ్బుతుంది, రోడ్డుకు తగిలేది నడిమి చారే. చైన్ కవర్‌కి ఒరుసుకోవడం అదనం.

అపోహ: మంచి వెల్డర్ ఉంటే ఫ్రేమ్ కోసినా భయం లేదు.

ఈమధ్య చిత్తూరు నుంచి ఒక బండి వచ్చింది. సీటు కింద పైపు కోసి, వంచిన కొత్త పైపు అతికించారు. వెల్డింగ్ గీత గట్టిగానే ఉంది. దాని పక్కన, పెయింట్ కింద, వెంట్రుకంత చీలిక, దాని వెంబడే తుప్పు మరక. ఇనుము విరిగేది ఎక్కువగా అతుకు పక్కన, వేడి తగిలిన చోటే. స్ప్లెండర్‌లో వెనక షాక్ అబ్జార్బర్ల పై కొసలు పట్టేది ఆ పైపుల దగ్గరే.

చట్టం సంగతి కూడా వినండి. ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పెయింట్ కోసం గీకేటప్పుడు ఛాసిస్ నంబర్ దగ్గరికి గ్రైండర్ పోనివ్వకండి. స్క్రాప్‌లో ఇంజన్ కొంటే కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు.

అపోహ: హ్యాండిల్ మార్చడానికి మెకానిక్ ఎందుకు?

మార్చడానికి అక్కర్లేదు, కానీ మార్చాక ఒకటి చూసుకోవాలి. స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో ఉంచి, హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. రేస్ దానంతటదే పెరిగితే రేస్ కేబుల్ లాగుతోందని అర్థం. దాన్ని సర్దకుండా రోడ్డెక్కొద్దు.

అపోహ: శారీ గార్డ్ తీసేస్తే బండి అందంగా ఉంటుంది.

ఉంటుంది. వెనక కూర్చున్న అమ్మ చీర కొంగు స్పోకుల్లో చిక్కుకునే దాకా. సెంట్రల్ మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ, చేతి పట్టు, ఫుట్ రెస్ట్ ఉండాలంటుంది. స్క్రాంబ్లర్ లుక్ కావాలంటే సన్న రాడ్‌తో కొత్త గార్డ్ వంచి ఇస్తాను, తీసేయమంటే మాత్రం తీయను.

ఇక ఎంత మార్చాలనుకున్నా, చేతిలో ఉన్న డబ్బులో మొదటి వాటా కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగ్), స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) బుష్‌లు, బ్రేక్ షూలకు ఇవ్వండి. రంగు ఆఖర్న. అదీ ఆర్సీలో ఉన్న రంగు కాకపోతే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, తర్వాతే స్ప్రే గన్ పట్టుకోండి.