1987 కప్పు ఎవరిది? రెసీఫె సింహం విడవని పట్టు

రియో నగరపు ఫుట్‌బాల్ క్లబ్బు ఫ్లమెంగో బ్రెజిల్ లీగ్ గెలిచిన ప్రతిసారీ ఒక లెక్క దగ్గర గొడవ మొదలవుతుంది. ఇది ఎన్నో టైటిల్? క్లబ్బు చెప్పే అంకె ఒకటి, బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య సీబీఎఫ్ లెక్క దానికంటే ఒకటి తక్కువ. ఆ తేడా పేరు 1987. ఆ ఏడాది కప్పు తనదని ముప్పై ఏళ్లు కోర్టుల్లో నిలబడి గెలిచిన క్లబ్బు స్పోర్ట్ క్లబ్ దో రెసీఫె. ఎందుకంత పట్టుదల అని అడిగితే, ముందు ఆ ఊరి సంగతి తెలియాలి.

రెసీఫె ఈశాన్య బ్రెజిల్‌లో పెర్నాంబుకో రాష్ట్ర రాజధాని, సముద్రపు ఒడ్డున రేవు పట్నం. ఒకప్పుడు చెరకు తోటలతో, పంచదార ఎగుమతులతో బ్రెజిల్‌లోకెల్లా సంపన్నమైన ప్రాంతం అది. తర్వాత కాఫీ, ఆ వెనుక ఫ్యాక్టరీలు రావడంతో డబ్బు రియో, సావో పాలో వైపు వెళ్లిపోయింది. బతుకుతెరువు కోసం మనుషులూ అటే వెళ్లారు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు కూడా. 1950 ప్రపంచ కప్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన అదెమీర్, 1958, 1962 ఫైనల్స్ రెండింట్లోనూ గోల్స్ చేసిన వవా, ఫ్రీకిక్‌లకు పేరుపడ్డ జునీన్యో పెర్నాంబుకానో, ముగ్గురూ స్పోర్ట్‌లో ఆట మొదలుపెట్టినవాళ్లే. ముగ్గురూ రియోలోని వాస్కో క్లబ్బుకు వెళ్లాకే దేశానికి తెలిశారు.

ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చిన గిల్హెర్మే ద అకీనో ఫోన్సెకా 1905 మే 13న ఈ క్లబ్బును స్థాపించారు. రంగులు ఎరుపు, నలుపు. 1919లో జట్టు ఉత్తరాన ఉన్న బెలెం నగరానికి వెళ్లి 'ఉత్తర సింహం' అనే ట్రోఫీ గెలుచుకొచ్చింది. పెర్నాంబుకో రాష్ట్రానికీ ఆ బిరుదే ఉంది. అప్పటినుంచి క్లబ్బు గుర్తు సింహం. సొంత మైదానం ఇల్యా దో రెతీరోలో అభిమానులు 'కజా, కజా' అని అందుకుంటే స్టేడియం మొత్తం కేకలతో ఊగుతుంది. ఊళ్లో సాంటా క్రూజ్, నౌటికో దీనికి చిరకాల ప్రత్యర్థులు.

ఇంకో మాట చెప్పాలి. రియో రేడియో కామెంటరీలు వింటూ పెరిగిన ఈశాన్య బ్రెజిల్‌లో ఫ్లమెంగో అభిమానులు లక్షల్లో ఉన్నారు. అంటే ఈ గొడవ రియోతోనే కాదు, పక్కింటితో కూడా. మా ఊరి జట్టే మా జట్టు అని చెప్పుకోవడం స్పోర్ట్ అభిమానికి అంత ముఖ్యమైంది అందుకే.

ఇక 1987. లీగ్ నడపడానికి డబ్బు లేదని సీబీఎఫ్ చేతులెత్తేసింది. దాంతో పెద్ద క్లబ్బులు పదమూడు కలిసి 'క్లూబె దోస్ త్రెజె' అనే కూటమి కట్టాయి. పదమూడింట్లో ఈశాన్యం నుంచి బాహియా ఒక్కటే. టీవీ హక్కులు, స్పాన్సర్లు చూసుకుని, ఇంకో మూడు క్లబ్బులను పిలిచి, మొత్తం పదహారింటితో పోటీ పెట్టుకున్నాయి. అంతకుముందు సీజన్‌లో రన్నరప్‌గా నిలిచిన గ్వారానీకి, సెమీఫైనల్ దాకా వచ్చిన రియో క్లబ్బు అమెరికాకు అందులో చోటు లేదు. రెసీఫె నుంచి సాంటా క్రూజ్‌కు పిలుపు వచ్చింది, స్పోర్ట్‌కు రాలేదు. మైదానంలో తేలాల్సిన విషయం ఆఫీసు గదిలో తేలిపోయింది. నా దృష్టిలో అసలు తప్పు ఇక్కడే జరిగింది.

బయట మిగిలిన క్లబ్బుల ఒత్తిడితో సీబీఎఫ్ మళ్లీ రంగంలోకి దిగింది. పెద్ద క్లబ్బులది గ్రీన్ మాడ్యూల్, మిగతావాళ్లది ఎల్లో మాడ్యూల్. రెండింటి నుంచి మొదటి రెండు జట్లు కలిసి ఛాంపియన్‌ను తేల్చాలని నిబంధన పెట్టింది. గ్రీన్‌లో జీకో, బెబెతో, రెనాతో ఉన్న ఫ్లమెంగో ఫైనల్లో ఇంటర్నాసియోనల్‌ను ఓడించింది. ఆ జట్టు గొప్పదనాన్ని ఎవరూ కాదనలేరు. ఎల్లోలో స్పోర్ట్, గ్వారానీ ఫైనల్ పెనాల్టీలకు వెళ్లి, 11-11 దగ్గర కూడా తేలక ఆగిపోయింది. తర్వాత గ్వారానీ పక్కకు తప్పుకోవడంతో ఆ మాడ్యూల్ స్పోర్ట్‌ది అయింది.

చివరి దశకు ఫ్లమెంగో, ఇంటర్నాసియోనల్ రాలేదు. కాబట్టి మిగిలిన రెండు జట్లే ఆడాయి. గ్వారానీ సొంత ఊరు కాంపినాస్‌లో 1-1. 1988 ఫిబ్రవరి 7న ఇల్యా దో రెతీరోలో డిఫెండర్ మార్కో అంతోనియో గోల్‌తో స్పోర్ట్ 1-0తో గెలిచింది. బ్రెజిల్ తరఫున ఆ ఏడాది దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ లిబర్టడోరెస్ కప్‌కు స్పోర్ట్, గ్వారానీయే వెళ్లాయి.

రియో పత్రికలు, అభిమానులు మాత్రం ఫ్లమెంగోనే ఛాంపియన్ అన్నారు. స్పోర్ట్ కోర్టుకెక్కింది. చివరి దశ ఆడాలన్న నిబంధనను పోటీ మధ్యలో మార్చాలంటే క్లబ్బులన్నీ ఒప్పుకోవాలి, అలా ఒప్పుకోలేదన్నది దాని వాదన. 1994లో పెర్నాంబుకోలోని ఫెడరల్ కోర్టు స్పోర్ట్ పక్షాన తీర్పిచ్చింది. అప్పీళ్లు వీగిపోయి ఆ తీర్పే ఖాయమైంది.

అక్కడితో అయిపోలేదు, ఎందుకంటే ఇంకో ట్రోఫీ ఉంది. ముందుగా ఐదుసార్లు లీగ్ గెలిచిన క్లబ్బుకు 'తాసా దాస్ బోలీన్యాస్' ఇవ్వాలి. 1987 లెక్కలోకి వస్తే ఫ్లమెంగో ఆ ఐదు 1992లోనే పూర్తి చేసినట్టు. రాకపోతే 2007లో ఐదోసారి గెలిచిన సావో పాలోది. 2011 ఫిబ్రవరిలో సీబీఎఫ్ 1987కు స్పోర్ట్, ఫ్లమెంగో ఇద్దరూ ఛాంపియన్లే అని ప్రకటించింది. స్పోర్ట్ మళ్లీ కోర్టు గడప తొక్కింది, జూన్‌లో సీబీఎఫ్ ఆ మాట వెనక్కి తీసుకోక తప్పలేదు. కోర్టులో ఖాయమైన విషయాన్ని ఒక సమాఖ్య కాగితంతో మార్చేస్తే ఇక చిన్న క్లబ్బులకు దిక్కెవరు? ఆ భయం నిజమైనదే. 2017 ఏప్రిల్ 18న బ్రెజిల్ సుప్రీంకోర్టు బెంచ్ 3-1 తేడాతో ఫ్లమెంగో అప్పీలును తోసిపుచ్చింది.

ఈ మధ్యలోనే స్పోర్ట్ ఇంకో కప్పు గెలిచింది. లీగ్ కాకుండా వేరుగా జరిగే దేశవాళీ కప్పు కోపా దో బ్రాజిల్ 2008 ఫైనల్ తొలి మ్యాచ్‌లో సావో పాలో నగరంలో కొరింథియన్స్ చేతిలో 3-1తో ఓడింది. జూన్ 11న సొంత మైదానంలో 2-0తో గెలవడంతో రెండు మ్యాచ్‌లూ కలిపి 3-3 సమమై, బయటి మైదానంలో కొట్టిన ఆ ఒక్క గోలే కప్పు తెచ్చింది. ఆ కప్పు గెలిచిన మొదటి ఈశాన్య క్లబ్బు ఇదే. ఆ విజయం మీద మాత్రం ఎవరూ కోర్టుకు వెళ్లలేదు.