కంపితం వేగం పెరిగితే నాదగుణం ఎలా మారుతుంది? ఎఫ్ఎం సింథసైజర్‌లో రెండు ఆపరేటర్ల లెక్క

కంప్యూటర్‌పై సంగీతం కూర్చడం కొత్తగా మొదలుపెట్టిన ఒక పాఠకుడు ఈమధ్య ఒక ప్రశ్న అడిగారు. మిగతా సింథసైజర్లలో ఏ నాబ్ తిప్పితే ఏమవుతుందో కాస్త ఊహకు అందుతోందనీ, ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్, అంటే ఒక తరంగం పౌనఃపున్యాన్ని మరో తరంగంతో ఊపడం) సింథసైజర్‌లో మాత్రం ఒక్క అంకె మార్చగానే మెత్తగా మోగుతున్న స్వరం రేకు డబ్బాను కొట్టినట్టు అయిపోతోందనీ, దీనికి లెక్కంటూ ఏదైనా ఉందా అనీ ఆయన సందేహం. లెక్క ఉంది. పైగా సింథసైజర్లన్నిటిలోనూ ఇంత కచ్చితంగా ముందే చెప్పగలిగిన లెక్క మరొకటి ఉండదని నా అభిప్రాయం. ఎఫ్ఎం ఎవరికీ లొంగదని, రెడీమేడ్ శబ్దాలు వాడుకోవడం తప్ప గత్యంతరం లేదని తరతరాలుగా చెప్పుకుంటున్న మాట సంగీతకారుల మూఢనమ్మకాల్లో ఒకటి.

200 హెర్ట్జ్ పౌనఃపున్యం గల ఒక సైన్ తరంగాన్ని ఊహించుకోండి. దాని పౌనఃపున్యాన్ని సెకనుకు ఆరుసార్లు కొద్దిగా పైకీ కిందికీ ఊపితే మనకు వినబడేది కంపితం, అంటే గాయకుడి గొంతులో దీర్ఘస్వరం చివర వినబడే వణుకు. ఆ ఊపును సెకనుకు ఇరవైసార్లు, ముప్ఫైసార్లు చేస్తూ పోతే ఒక్కొక్క ఊపునూ విడిగా పట్టుకోవడం చెవికి సాధ్యం కాక, మొదట గరగర వినబడుతుంది. ఊపు వేగం కూడా 200 హెర్ట్జ్‌కు చేరేసరికి వణుకు పూర్తిగా మాయమై, దాని స్థానంలో అదే శ్రుతిలో, కొత్త నాదగుణంతో, అంటే వేరే వాద్యంలా వినబడే రంగుతో, ఒక నిలకడైన స్వరం మిగులుతుంది. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కంప్యూటర్‌తో కంపితాన్ని హద్దులు దాటించి చూస్తుండగా గమనించింది ఇదే. ఆయన 1973లో దీన్ని పరిశోధన పత్రంగా ప్రచురించారు, యమహా సంస్థ హక్కులు తీసుకుంది, 1983లో ఆ సంస్థ ఎఫ్ఎం సింథసైజర్ డీఎక్స్7 బజారులోకి వచ్చింది.

ఊగే తరంగాన్ని క్యారియర్ అనీ, ఊపే తరంగాన్ని మాడ్యులేటర్ అనీ అంటారు. సింథసైజర్ భాషలో రెండూ ఆపరేటర్లే. క్యారియర్‌కు ఇరువైపులా, మాడ్యులేటర్ పౌనఃపున్యమంత ఎడంతో, వరుసగా కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. క్యారియర్ 200, మాడ్యులేటర్ 400 అనుకుంటే పైవైపు 600, 1000, 1400 వస్తాయి. కిందివైపు లెక్క ప్రకారం రావలసినవి రుణ 200, రుణ 600. రుణ పౌనఃపున్యమంటే కంగారు పడనక్కరలేదు, అది సున్నా దగ్గర అద్దంలో పడినట్టు మడిచి వెనక్కి వచ్చి, తిరగబడిన దశతో (శిఖరం ఉండవలసిన చోట లోయ వచ్చినట్టు) 200గా, 600గా వినబడుతుంది. మొత్తం మీద 200కు బేసి గుణిజాలు మాత్రమే మిగిలాయి కనుక ఆ స్వరం క్లారినెట్‌ను గుర్తుకు తెస్తుంది. తరగతి గదిలో ఇదే సూత్రాన్ని ఎఫ్ఎం రేడియో పేరిట బోధిస్తారు గానీ, అక్కడ క్యారియర్ సుమారు పదికోట్ల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కనుక ఏదీ సున్నాను దాటి మడవదు; సంగీతానికి పనికివచ్చే మడతే ఆ పాఠంలో కనబడకుండా పోతుంది.

ఏ పౌనఃపున్యాలు పుడతాయో క్యారియర్, మాడ్యులేటర్ పౌనఃపున్యాల నిష్పత్తి నిర్ణయిస్తే, వాటిలో ఏది ఎంత గట్టిగా ఉండాలో ఊపు లోతు నిర్ణయిస్తుంది. పౌనఃపున్యం ఎంత దూరం ఊగిందో దాన్ని మాడ్యులేటర్ పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చే అంకెను మాడ్యులేషన్ ఇండెక్స్ అంటారు. ఇండెక్స్ 1 అయినప్పుడు క్యారియర్ బలం 0.77కు తగ్గుతుంది, ఇరువైపులా పుట్టిన వాటిలో మొదటి జత ఒక్కొక్కటీ 0.44, రెండో జత ఒక్కొక్కటీ 0.11 తీసుకుంటాయి. ఇండెక్స్ 2 అయితే క్యారియర్‌కు 0.22 మాత్రమే మిగిలి, మొదటి జత 0.58కి, రెండోది 0.35కి ఎదుగుతాయి. 2.405 దగ్గర క్యారియర్ పూర్తిగా అదృశ్యమై, ఆ తరువాత తలకిందులైన దశతో తిరిగి వస్తుంది. ఇవన్నీ గణితంలో బెసెల్ ప్రమేయాలు అనే సూత్రాలు ఇచ్చే విలువలు. పంచుకునే శక్తి మొత్తం మారదు, వాటాలే మారతాయి.

దీనికి మడతను కూడా కలిపి చూడండి. నిష్పత్తి 1:1 అయితే, అంటే రెండూ 200 అయితే, కిందివైపు రెండోది రుణ 200 అవుతుంది, మడిచి వచ్చి అసలు 200 మీదే పడుతుంది, దశ తిరగబడినందువల్ల దాన్ని తగ్గిస్తుంది: ఇండెక్స్ 1 వద్ద 0.765లో 0.115 పోగా 0.65 మిగులుతుంది. 400 దగ్గర మాత్రం కిందినుంచి మడిచి వచ్చిన మూడోది ఎదురు తిరగదు, చిన్న మొత్తమే అయినా తోడై 0.44ను 0.46 చేస్తుంది. నాబ్ తిప్పుతుంటే శబ్దం ఒకే తీరున పదునెక్కకుండా, మధ్యలో ముక్కుతో పలికినట్టు, బోలుగా అయినట్టు రంగులు మారడానికి ఈ కూడికలూ తీసివేతలే కారణం.

ఇక సాధన సంగతి. డీఎక్స్7ను అనుకరించే డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆరు ఆపరేటర్లు, వాటిని కలిపే 32 అమరికలు కనబడి భయపెడతాయి. నాలుగింటిని కొన్నాళ్లు మరచిపోవడమే మేలు. ఇనిట్ (అన్నిటినీ మొదటి స్థితికి తెచ్చే బటన్) నొక్కితే మొదటి ఆపరేటర్ సైన్ తరంగం ఒక్కటే మోగుతుంది. మొదటి అమరికలో రెండో ఆపరేటర్ దానికి మాడ్యులేటర్. దాని లెవెల్‌ను సున్నా నుంచి పెంచుతూ వెళ్లండి. 50 దాటేదాకా పెద్దగా తేడా తెలియదు, 80 దాటాక ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఈ కొలత సమానమైన మెట్లు గలది కాదు, పై భాగంలో సుమారు ఎనిమిది మెట్లకొకసారి ఊపు లోతు రెట్టింపవుతుంది. పాఠకుడి రేకు డబ్బా దాగి ఉన్నది ఇక్కడే.

ఆ తరువాత ఎన్వలప్, అంటే మీట నొక్కినప్పటి నుంచి లెవెల్ ఎలా పెరిగి తగ్గాలో చెప్పే అమరిక. క్యారియర్ ఎన్వలప్ స్వరం గట్టిదనాన్ని కాలంతోపాటు మారుస్తుంది, మాడ్యులేటర్ ఎన్వలప్ నాదగుణాన్ని మారుస్తుంది. చౌనింగ్ గంట శబ్దం ఇందుకు ఉదాహరణ: క్యారియర్ 200, మాడ్యులేటర్ 280, ఇండెక్స్ 10 దగ్గర మొదలై స్వరంతోపాటే క్షీణిస్తుంది. 80, 200, 360, 480, 640 ఇలా పుట్టిన పౌనఃపున్యాలన్నీ గణితం ప్రకారం 40కి గుణిజాలే అయినా చెవి వాటిని ఒక శ్రుతిగా కలపలేక, లోహపు మోతగా స్వీకరిస్తుంది. డెక్స్‌డ్‌లో మాడ్యులేటర్ నిష్పత్తిని 1.40కి జరిపి మీరే వినవచ్చు. బాకాకు నిష్పత్తి 1:1 చాలు, అయితే ఇండెక్స్ కూడా స్వరం గట్టిదనంతో కలిసి పైకి లేవాలి, ఎందుకంటే నిజమైన బాకాలో గట్టిగా ఊదేకొద్దీ పై అనుస్వరాలు (మూల పౌనఃపున్యానికి గుణిజాలు) పెరుగుతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం 14తో చేసేది. మాడ్యులేటర్ నిష్పత్తిని 14 చేసి, లెవెల్‌ను తక్కువగా ఉంచి, ఎన్వలప్ త్వరగా అణగిపోయేలా పెడితే క్యారియర్‌కు పైన 13, 15 రెట్ల దగ్గర ఒక జత క్షణకాలం మెరిసి మాయమవుతుంది. ఎలక్ట్రిక్ పియానోలో సుత్తి తగిలిన చప్పుడు అదే. మాడ్యులేటర్ వెలాసిటీ స్పందనను (మీట నొక్కే బలానికి స్పందించే తీరును) కూడా పెంచితే, మీటను మెల్లగా నొక్కినప్పుడు దాదాపు శుద్ధమైన సైన్ తరంగమూ, గట్టిగా నొక్కినప్పుడు ఆ చిన్న లోహపు టింగుమనే మోతా వినబడతాయి.