ఘాట్ ఎక్కేటప్పుడు వేళ్లు ఎందుకు కొంకర్లు పోతాయి?

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ మీదుగా ఒడిశాలోని కోరాపుట్ వెళ్లే మోటారు సైకిల్ బండివాళ్లకు డిసెంబరు, జనవరి నెలల్లో బాగా తెలిసిన బాధ ఇది. కింద సాలూరులో ఒక స్వెట్టర్ సరిపోతుంది. పైకి చేరేసరికి వేళ్లు వంగవు, క్లచ్ సరిగ్గా పట్టు చిక్కదు. వెయ్యి మీటర్లు పైకి వెళితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కోరాపుట్ పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తెల్లవారుజామున అక్కడ పది డిగ్రీల లోపు చలి మామూలే.

అయితే అసలు దెబ్బ తీసేది గాలి వేగం. ఒంటి వేడితో వెచ్చబడిన పలుచని గాలి పొర ఒకటి చర్మాన్ని ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉంటుంది. బండి కదలగానే అది కొట్టుకుపోతుంది. 1940 ప్రాంతంలో అంటార్కిటికాలో పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతుందో కొలిచి, గాలి వేగాన్ని బట్టి చలి ఎంతలా తగులుతుందో చెప్పే లెక్కకు పునాది వేశారు. 2001లో అమెరికా, కెనడా దాన్ని సవరించాయి. ఆ కొత్త సూత్రం ప్రకారం 10 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగంతో వెళితే ముఖానికి 5 డిగ్రీల చలిలా తగులుతుంది. వేగం 40కి తగ్గించినా 6 డిగ్రీలే! అంటే నెమ్మదిగా నడిపితే చలి తగ్గిపోతుందనుకోవడం పెద్దగా ఫలించదు. గాలిని అడ్డుకోవాల్సిందే.

ఇక వేళ్ల సంగతి. వేళ్లను వంచే పెద్ద కండరాలన్నీ మోచేతికి, మణికట్టుకు మధ్యే ఉన్నాయి. వేళ్లలో ఉన్నవి ఎముకలు, నరాలు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు. అందుకే వేళ్లు సొంతంగా పుట్టించుకునే వేడి చాలా తక్కువ. వాటికి వెచ్చదనం రక్తంతోనే రావాలి. ఛాతీ, పొట్ట చల్లబడుతున్నాయని తెలియగానే మెదడు ముందుగా వేళ్లకు వెళ్లే రక్తనాళాలను బిగించేస్తుంది. గుండె, కాలేయం బతకాలి కదా! కాబట్టి మీ చేతులు చల్లబడ్డాయంటే కారణం చాలాసార్లు జాకెట్ లోపలే ఉంటుంది. గాలి చొరబడే స్వెట్టర్ ఒక్కటే వేసుకుని ఎంత ఖరీదైన గ్లౌజులు తొడిగినా ప్రయోజనం అంతంతమాత్రమే. స్వెట్టర్ మీద గాలి దూరని రెయిన్ కోటు వేసి, మెడకు మఫ్లర్ చుట్టండి. తేడా వేళ్లలో తెలుస్తుంది.

ఉన్ని గ్లౌజుల మీద ఏదైనా గాలి ఆపే పొర ఉండాలి. పాల కవర్లు తొడుక్కునే వాళ్లను చూసి నవ్వకండి, వాళ్లు చేస్తున్నది సరైన పనే. అయితే లోపల చెమట పడితే ఆగి ఆరబెట్టుకోవాలి. నీరు వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. పొగమంచులో తడిసిన గ్లౌజు అందుకే అంత హింస పెడుతుంది. గ్లౌజు బిగుతుగా ఉన్నా నష్టమే: రక్తం ఆడదు, లోపల గాలి పొర నిలవదు. బ్రేకు, క్లచ్ లివర్లు అల్యూమినియంవి, వేడిని చురుగ్గా పీల్చేస్తాయి. అవసరం లేనప్పుడు వేళ్లను వాటి మీద ఆనించి ఉంచకండి. హ్యాండిల్‌కు ముందు గాలి మళ్లించే హ్యాండ్ గార్డులు బిగించుకుంటే ఇంకా మంచిది.

వేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకపోతే వెంటనే బండి ఆపండి. చాలామంది చేతులు నేరుగా సైలెన్సర్ మీద పెట్టేస్తారు. ఇది ప్రమాదం. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నట్టు తెలియదు. చంకల్లో పెట్టుకుని వెచ్చబరచుకోవాలి. రక్తం తిరిగి వచ్చేటప్పుడు సూదులు గుచ్చినట్టు నొప్పి వస్తుంది, భయపడక్కర్లేదు. అది తగ్గి, వేళ్లు మామూలుగా వంగేదాకా మళ్లీ బండి తీయవద్దు. ఘాట్ మలుపుల్లో బ్రేకు ఎంత పడిందో మనకు చెప్పేది ఆ వేళ్లే. పెద్దగా చలి లేకున్నా వేళ్లు మాటిమాటికీ తెల్లబడి, నీలంగా మారుతుంటే డాక్టరుకు చూపించుకోండి. 1862లో ఫ్రెంచి వైద్యుడు రేనో వర్ణించిన సమస్య అది, గ్లౌజులతో తీరేది కాదు.