"మేం తట్టుకోలేదేటి?": తుఫాను జ్ఞాపకాల మీద అపోహలు, వాస్తవాలు

ఒడిశా బరంపురంలో నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చే కుటుంబాల నోట నేను తరచూ వినే మాట ఇది. అక్టోబరులో మబ్బు పట్టిందంటే మరీను.

అపోహ: ఎన్ని తుఫాన్లు చూశాం, మాకేమైంది? ఈ కాలం వాళ్లకే అంత సున్నితం.

వాస్తవం: అప్పట్లో మీకూ అయింది. జ్ఞాపకంలో సంతోషం కంటే బాధ తొందరగా కరిగిపోతుంది. జరిగింది గుర్తుంటుంది, అప్పటి గుండెదడ ఉండదు. మా అమ్మనే తీసుకోండి. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. దాని గురించి అడిగితే, కరెంటు లేని ఆ రోజుల్లో వీధంతా కలిసి వండుకున్న పప్పుచారు గురించి చెబుతుంది. రేకులు లేచిపోతుంటే దేవుడి గది గడప పట్టుకుని "ఇంక అయిపోనాం" అని ఏడ్చింది ఆవిడే. గుర్తు చేస్తే "ఏటో, అంత లేదులే" అంటుంది. అబద్ధం కాదు, ఆవిడకి మిగిలింది అంతే.

అలా కరగడం మంచిదే. కరగనివాళ్లని దాంతో కొలవడమే తప్పు. ఛత్రపురం వైపు నుంచి ఒకావిడ కోడల్ని తీసుకొచ్చారు. గాలి వీస్తే చాలు, ఆ అమ్మాయి రేషన్ కార్డు, ఆధార్ పాలిథిన్ కవర్లో చుట్టి నడుముకి కట్టుకుని తెల్లవార్లూ గుమ్మంలో కూర్చుంటుంది. "తిడితే మానేస్తాదనుకున్నాం బాబూ" అన్నారు అత్తగారు. ఆ తిట్లతోనే ఏళ్లు గడిచిపోయాయి. నాకు ఒళ్లు మండేది అక్కడే. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే అది జబ్బు. దానికి చికిత్స ఉంది, నయమవుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"కళ్లకి కట్టినట్టుంది కాబట్టి అలాగే జరిగింది." కానక్కర్లేదు. 1999 సూపర్ సైక్లోన్ మా ఇంటి మీదుగానే పోయిందని ఒట్టేసేవాళ్లు ఇక్కడ బోలెడుమంది. ఆ అక్టోబరు 17న గోపాల్‌పూర్‌ని కొట్టింది వేరే తుఫాను. సూపర్ సైక్లోన్ 29న పారాదీప్ దగ్గర తీరం దాటింది.

"పాత రోజులు తలుచుకోవడం రోగం." 1688లో హోఫర్ అనే స్విస్ వైద్యుడు ఇంటి బెంగని రోగమనే రాశాడు. ఇప్పుడెవరూ అలా అనరు. సూరత్ మగ్గాల దగ్గరున్న మన గంజాం కుర్రాళ్లని ఊరు తలుచుకోనివ్వండి.

"తుఫాను వెళ్లిన మర్నాడే కూర్చోబెట్టి అంతా కక్కించాలి." వద్దు. ముందు తిండి, నీళ్లు, అయినవాళ్ల ఆచూకీ. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

ఆసుపత్రి అంటే బెరుకైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, 24 గంటలూ ఉచితం. నా దగ్గరికి వచ్చేట్టయితే అత్తగారిని కూడా తీసుకురండి, సగం మాటలు ఆవిడతోనే ఉంటాయి.